ఫ్లోమ్ రేవులో ఫ్రీగా ఉన్నవాటికి మేం 445 పౌండ్లు కట్టాం: నార్వే క్రూజ్‌కి వెళ్లేవాళ్లు చూసి కొనుక్కోండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది నార్వే క్రూజ్ బుక్ చేస్తున్నారు. సౌతాంప్టన్‌లో ఎక్కి మళ్లీ సౌతాంప్టన్‌లోనే దిగొచ్చు, రోజూ పెట్టెలు సర్దే పని లేదు, పెద్దవాళ్లకి సుఖం. మేమూ అందుకే వెళ్లాం. షిప్ మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. దెబ్బ తిన్నది షిప్ దిగాక చేసే టూర్ దగ్గర. మీరు తినకూడదని రాస్తున్నాను.

మేం వెళ్లిన రేవుల్లో అన్నిటికన్నా ఎదురుచూసింది ఫ్లోమ్. స్పెల్లింగ్ చూసి మనం ఫ్లామ్ అంటాం, అక్కడివాళ్లు ఫ్లోమ్ అంటారు. సోగ్నెఫ్యోర్డ్ అని 200 కిలోమీటర్లకి పైగా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ (ఇలాంటి పాయనే ఫ్యోర్డ్ అంటారు) ఉంది కదా, దానికో కొమ్మ ఔర్‌లాండ్స్‌ఫ్యోర్డ్. ఆ కొమ్మ చివర ఉంటుంది ఈ ఊరు. ఊరంటే ఊరు కూడా కాదు, కొన్ని వందల మంది ఉండే పల్లె. కానీ ప్రపంచమంతా అక్కడ దిగేది ఒక రైలు కోసం. ఫ్లోమ్‌స్‌బానా అంటారు దాన్ని. సముద్రమట్టం నుంచి మ్యూర్దాల్ స్టేషన్ దాకా 20 కిలోమీటర్లలో 860 మీటర్ల పైచిలుకు ఎక్కుతుంది. మా నాన్నగారు రైల్వేలో గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. యూట్యూబ్‌లో ఈ రైలు చూసిన దగ్గర్నుంచి తెనాలిలో ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ దీని గురించే చెప్పేవారు. అమ్మకి రైలు మీద అంత మోజు లేదు గానీ, మధ్యలో ఒక జలపాతం దగ్గర రైలు ఆపుతారు, అక్కడ ఎర్ర బట్టలు కట్టుకున్న ఒకావిడ పాటకి ఆడుతూ కనిపిస్తుంది, అది చూడాలని. హుల్డ్రా అని వాళ్ల జానపద కథల్లో అడవి మోహిని. "మన యక్షిణి లాంటిదే" అని అమ్మే మాకు చెప్పింది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందంటే, షిప్ వాళ్ల టూర్ ధర చూసి గుండె జారి, నేను బయట వెతికాను. సెర్చ్‌లో పైనే ఒక సైట్ వచ్చింది. పేరులోనే ఊరి పేరూ రేవు పేరూ ఉన్నాయి. టూరిస్ట్ ఆఫీసుల దగ్గర ఉండే "ఐ" అక్షరం గుర్తు, రేవు మ్యాపు, ఏ రోజు ఏ షిప్ వస్తుందో పట్టిక, అందులో మా షిప్ పేరు, మా తేదీ కరెక్టుగా! నేను దాన్ని ఆ ఊరి టూరిస్ట్ సమాచార కేంద్రం సైటే అనుకున్నాను. కాదు. టూర్లు తిరిగి అమ్ముకునే మధ్యవర్తి. పైన చిన్న అక్షరాల్లో "ప్రకటన" అని ఉన్నది నా కళ్లకి ఆనలేదు. సైట్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి పేర్లు మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి పేరుకన్నా వాళ్ల పద్ధతి తెలియడం ముఖ్యం.

మనిషికి 89 పౌండ్లు, మా వాడికి పదకొండేళ్లయినా అదే రేటు. ఐదుగురికి 445. టూర్‌లో ఏమేం ఉన్నాయో ఇలా రాశారు: ఫ్లోమ్ రైల్వే అనుభవం, స్టెగాస్టైన్ దృశ్యం, ఫ్యోర్డ్ తీరాన నడక, స్థానిక రుచి, షిప్ టైముకి తిరిగి చేరుస్తామని గ్యారంటీ. పక్కన పచ్చ రైలు ఫోటో. మీరైతే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న షిప్ దిగి చూస్తే స్టేషన్ ఐదు నిమిషాల నడక. ఇది గుర్తుపెట్టుకోండి, షిప్ ఆగే చోటికీ రైలుకీ మధ్య బస్సుతో పని లేదు. గైడ్ ఒక కుర్రాడు, చదువుకుంటూ వేసవిలో ఈ పని చేస్తున్నాడట, మర్యాదస్తుడు. మమ్మల్ని స్టేషన్ పక్కన ఒక బిల్డింగ్‌లోకి తీసుకెళ్లాడు. రైల్వే మ్యూజియం. లోపల పాత ఇంజన్ సామాను, సొరంగాలు తవ్వినప్పటి ఫోటోలు. మొత్తం 20 సొరంగాలుంటే 18 చేత్తోనే తవ్వారట. ఒక్క మీటరు తవ్వడానికి నెల పట్టేదట. నాన్నగారు ప్రతి బోర్డు ముందూ ఆగి, మా వాడి చేత ఇంగ్లిష్ చదివించుకుని, "18 మీటర్లకి 1 మీటరు ఎక్కే వాలా? మన బోర్ ఘాట్‌లో 37కి 1 ఉంటేనే వెనక బ్యాంకర్ ఇంజన్లు పెడతాం. పళ్ల పట్టా లేకుండా వీళ్లెలా ఎక్కిస్తున్నారు?" అని ఒకటే ఆశ్చర్యం. నిజానికి మ్యూజియం బాగుంది. అరగంట ఇట్టే గడిచింది.

"ఇక రైలెక్కుదామా?" అని అడిగాను.

గైడ్ తన ఫోన్‌లో బుకింగ్ చూసి, మళ్లీ నా వైపు చూశాడు. "మీ బుకింగ్‌లో రైలు టికెట్ లేదండి. రైల్వే అనుభవం అంటే ఇదే, మ్యూజియం." ఆ అబ్బాయికి ఆ సైట్ ఏం రాసి అమ్మిందో కూడా తెలియదు, వాడికి ఇంకెవరో పని అప్పజెప్పారు. నేను బయటికొచ్చేముందు మ్యూజియం టికెట్ ఎంతని డెస్క్ దగ్గర అడిగాను. ఆవిడ నవ్వి, "ఫ్రీ, ఎవరైనా రావచ్చు" అంది.

తర్వాత మినీబస్సు ఎక్కించాడు. స్టెగాస్టైన్ అంటే ఔర్‌లాండ్ ఊరి పైన కొండలోంచి 30 మీటర్లు గాల్లోకి పొడుచుకొచ్చిన చెక్క వంతెన. చివర అద్దం తప్ప ఏమీ ఉండదు, 650 మీటర్ల కింద నీళ్లు. దానికోసం మలుపుల సన్నదారిలో పైకి ఎక్కాలి. మా బస్సు ఔర్‌లాండ్ ఒడ్డున పార్కింగ్‌లో ఆగింది. గైడ్ కొండ వైపు చెయ్యి చూపించి "అదిగో, పైన, ఆ మలుపు దాటాక, చిన్న గీతలా ఉంటుంది" అన్నాడు. నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని చూశారు, తీసేసి చూశారు, మా వాడి ఫోన్ జూమ్ చేయించుకుని చూశారు. ఎవరికీ ఏ గీతా కనపడలేదు. స్టెగాస్టైన్ దృశ్యం అంటే స్టెగాస్టైన్ నుంచి కనిపించే దృశ్యం అనుకున్నాం మేము. వాళ్ల లెక్కలో స్టెగాస్టైన్ ఉన్న కొండని కింద నుంచి చూడటం.

ఔర్‌లాండ్‌లో ఒక్క మంచి జరిగింది, అదీ టూర్‌లో లేనిది. అక్కడ 1202 ప్రాంతంలో కట్టిన రాతి చర్చి ఉంది, గైడ్ తనంతట తానే చూపించాడు, పాపం. స్థానిక రుచి మాత్రం అగ్గిపెట్టె ముక్కంత గోధుమరంగు చీజ్. మేకపాల విరుగుడు నీళ్లని మరిగించి మరిగించి చేస్తారు, తియ్యగా ఉంటుంది. నాన్నగారు నోట్లో వేసుకుని "అడుగంటిన కోవా" అన్నారు. నాకైతే నచ్చింది.

పన్నెండుకల్లా తిరిగి రేవులో దింపేశారు. నేను స్టేషన్‌లోని టికెట్ కౌంటర్‌కి పరుగెత్తాను. పైకెళ్లి వెంటనే తిరిగి రావడానికి దాదాపు రెండు గంటలు. మేం నాలుగున్నరకల్లా షిప్‌లో ఉండాలి. మధ్యాహ్నం రైళ్లన్నీ నిండిపోయాయి. ఖాళీలున్న రైలు తిరిగొచ్చేసరికి మా షిప్ వెళ్లిపోతుంది. పెద్ద షిప్ వచ్చే రోజుల్లో షిప్ వాళ్లే సీట్లు గుత్తంగా ముందే తీసేసుకుంటారు, మిగిలినవి వారాల ముందే అయిపోతాయి. 445 పౌండ్ల కన్నా నాకు కడుపు మండింది ఇక్కడే. టికెట్ టూర్‌లోనే ఉందన్న ధీమాతో మేం రైలుకి విడిగా బుక్ చేసుకోలేదు. ఆ సైట్ అసలు లేకపోయి ఉంటే, రైల్వే వాళ్ల దగ్గరే నేరుగా కొనుక్కుని ఉండేవాళ్లం.

ఆ మధ్యాహ్నం నాన్నగారు స్టేషన్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, వచ్చే పోయే పచ్చ రైళ్లని చూశారు. "ముందొకటి, వెనకొకటి ఇంజన్ పెట్టాడు చూడు, అందుకే ఆ వాలు ఎక్కుతోంది" అని నాకు చెప్పారు. అమ్మ ఒక్కసారే అడిగింది, "అయితే ఆ ఎర్ర బట్టలావిడ కనపడదా ఇంక?" అని. నేను కాఫీ తెచ్చే వంకతో లేచి వెళ్లిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేజీని నేను తర్వాత పదిసార్లు చదివాను. అందులో పచ్చి అబద్ధం అనదగ్గ మాట టూర్ వివరాల్లో ఒక్కటీ లేదు. టికెట్ అన్న మాటే వాడలేదు. కాబట్టి మీరు ఏ సైట్లో కొన్నా, అనుభవం, దృశ్యం, రుచి, విహారం లాంటి మాటలు కనిపిస్తే ఆగండి. "రైలు టికెట్ ఫ్లోమ్ నుంచి మ్యూర్దాల్‌కి, తిరుగు ప్రయాణంతో, ఫలానా టైముకి" అని రాసి ఉందా? లేకపోతే లేనట్టే. స్టెగాస్టైన్‌కి బస్సు పైదాకా వెళ్లి అక్కడ ఆగుతుందా అని మెయిల్ పెట్టి అడగండి. ఫ్లోమ్ నుంచి నేరుగా పైకి వెళ్లొచ్చే బస్సు టూర్ గంటన్నర పడుతుంది, రేవు పక్కనే ఎక్కొచ్చు. యునెస్కో ఫ్యోర్డ్ అని రాసినా అంతే. 2005లో యునెస్కో జాబితాలో చేరింది పక్కనున్న నేరోయ్‌ఫ్యోర్డ్. మీ షిప్ ఆగేది ఔర్‌లాండ్స్‌ఫ్యోర్డ్‌లో. నేరోయ్‌ఫ్యోర్డ్ చూడాలంటే గుడ్‌వాంగెన్ అనే ఊరి దాకా వేరే బోటులో రెండు గంటలు వెళ్లి, బస్సులో వెనక్కి రావాలి. ఒడ్డున నిలబెట్టి "ఇదే" అంటే నమ్మకండి.

ఆ సైట్లో పచ్చి అబద్ధం ఉన్నది సమాచారం పేజీలో. "క్రూజ్ ప్రయాణికులకి వీసా అవసరం లేదు" అని రాశారు. ఎవరికి అవసరం లేదు? బ్రిటిష్ పాస్‌పోర్ట్ వాళ్లకేమో. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అక్కడ దిగాలంటే షెంగెన్ వీసా కావాలి. యూకే విజిటర్ వీసా చాలదు. మా అమ్మానాన్నలకి మేం ముందే తీసుకున్నాం కాబట్టి సరిపోయింది. ఆ మాట నమ్మి పెద్దవాళ్లని సౌతాంప్టన్ దాకా తీసుకెళ్తే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్. వీసా సంగతి ఎప్పుడూ క్రూజ్ కంపెనీని, ఎంబసీ సైట్‌ని మాత్రమే అడగండి.

టైము గురించి ఒక మాట. నార్వే టైము ఇంగ్లండ్ టైముకన్నా గంట ముందు. కొన్ని షిప్పులు గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. టూర్ వాళ్లు రాసేది నార్వే టైము, మీరు తిరిగి ఎక్కాల్సింది షిప్ టైము. సముద్రం మీద ఫోన్ ఏ టైము చూపిస్తుందో దేవుడికే తెలియాలి. నాన్నగారి చేతి గడియారమే మా అందరికీ దిక్కయింది. తిరిగి చేరుస్తామన్న గ్యారంటీ షరతుల్లోకి వెళ్లి చూస్తే, ఆలస్యమైతే టూర్ డబ్బు వాపసు ఇస్తారట, అంతే. షిప్ వెళ్లిపోయాక ఆ 89 పౌండ్లు ఏం చేసుకోవాలి? షిప్ మనకోసం ఆగేది షిప్ వాళ్ల టూర్‌లో ఉంటేనే. బయటి టూర్ అయితే తిరిగొచ్చే టైముకీ షిప్ టైముకీ మధ్య కనీసం గంటన్నర ఉంచుకోండి.

మిగతా రేవుల్లోనూ ఇదే సైట్ టూర్లు అమ్ముతోంది, ఇంటికొచ్చాక చూశాను. ఓలెసుండ్‌లో ఆక్స్‌లా కొండ పైకి 418 మెట్లు, ఎవరైనా ఎక్కొచ్చు, పైసా అక్కర్లేదు. దాన్ని "గైడెడ్ పనోరమా" అని పెట్టారు. గైరాంగర్‌లో మే మొదట్లో డాల్స్‌నిబ్బా అనే కొండ మీదికి టూర్ ఉంది. 1,500 మీటర్ల ఎత్తుకి వెళ్లే ఆ కొండ రోడ్డు మంచు వల్ల చలికాలమంతా మూసేసి ఉంటుంది, మే నెల నడిమికి గానీ తెరవరు. బెర్గెన్‌లో చేపల మార్కెట్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే ఫ్లోయెన్ కొండెక్కే రైలు, టికెట్ అక్కడే తీసుకుని ఎక్కేయొచ్చు. మేం అలాగే వెళ్లాం. వాన కురుస్తూనే ఉన్నా హాయిగా తిరిగాం.

డబ్బు సంగతి. నేను డెబిట్ కార్డుతో కట్టాను, అది రెండో తప్పేమో. యూకేలో ఒక్కో వస్తువు లేదా సేవ ధర 100 పౌండ్లు దాటి, క్రెడిట్ కార్డుతో కడితే వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కింద బ్యాంకుకీ బాధ్యత ఉంటుంది. డెబిట్ కార్డుకి ఆ చట్టం వర్తించదు, చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుని అడగడం) ఒక్కటే దారి. ఆన్‌లైన్‌లో కొన్నాం కదా, 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చనుకోకండి, తేదీ ఖాయమైన టూర్లకి ఆ హక్కు లేదు. బ్యాంకు ముందు 445 అకౌంట్లో వేసింది. ఐదు వారాల తర్వాత సైట్ వాళ్లు జవాబిచ్చారట: రైల్వే అనుభవం అందించాం, ఇదిగో మ్యూజియంలో కస్టమర్ల ఫోటో అని. నాన్నగారు పాత ఇంజన్ పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫోటో, గైడ్ తీసింది. బ్యాంకు డబ్బు వెనక్కి తీసేసుకుంది. నేను కొన్న రోజు పేజీకి స్క్రీన్‌షాట్ తీసి ఉంటే, ఆ రైలు ఫోటో చూపించి వాదించేదాన్ని. నా దగ్గర ఉన్నది కన్ఫర్మేషన్ మెయిల్ ఒక్కటే, అందులో ఫోటో లేదు. అప్పటికి వాళ్లు పేజీలో రైలు ఫోటో తీసేసి ఫ్యోర్డ్ ఫోటో పెట్టారు.

నిన్న మళ్లీ చూశాను. రైలు ఫోటో తిరిగొచ్చింది. ధర 95 అయింది.