విజయనగరంలో రెండు తొమ్మిదులు

విజయనగరంలో లాడ్జిలో దిగేవాళ్లు అద్దె ఎంతని అడగడానికి ముందు ఇంకో మాట అడగండి. "మీకు రోజు ఎన్నింటికి మారుతుంది?" అని. మేం అడగలేదు. బావ మోకాలు ఇప్పటికీ మూలుగుతోందంటే కారణం అదే.

మాది అనకాపల్లి. నేను బ్యాంకులో, మా బావ కరెంటాఫీసులో. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి షటిల్ ఆడి, ఇంటికొచ్చి స్నానం చేసి ఆఫీసుకి పరిగెత్తే బాపతు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఉద్యోగుల టోర్నమెంట్లకి వెళ్తాం. ఈసారి విజయనగరంలో నలభై దాటినవాళ్ల డబుల్స్. జంటకి ఎంట్రీ 1,200. కరపత్రంలో రాసింది ఇదీ: ఫెదర్ షటిల్స్, మధ్యాహ్నం భోజనం, శనివారం ఉదయం 9కి మొదటి మ్యాచ్.

శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, విశాఖలో నాన్‌స్టాప్ పట్టుకుని దిగేసరికి రాత్రి పదింపావు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లోనే ఒక లాడ్జి. ముందే ఫోన్ చేసి మాట్లాడుకున్నాం, ఏసీ గది 1,300, "ఇరవై నాలుగ్గంటలేనండీ" అన్నాడు. గదిలోకెళ్తే ఏసీ ఉంది, రిమోట్ లేదు. కిందికి దిగి అడిగితే రిమోట్‌కి రెండు వందలు డిపాజిట్ అన్నారు. కట్టాం. బకెట్ ఉంది, మగ్ లేదు. దానికి డిపాజిట్ అడగలేదు, పక్క గదిలోంచి తెచ్చిచ్చారు. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే. ఇవన్నీ సర్దుకుపోయే విషయాలే, పెళ్లిళ్ల సీజన్లో గది దొరకడమే గొప్ప.

పొద్దున్నే బ్యాగులేసుకుని దిగుతుంటే కౌంటర్లో మనిషి ఆపాడు. "తొమ్మిది తర్వాత రెండో రోజు పడుతుంది సార్. ఉంటున్నారా?"

"అదేంటి, ఇరవై నాలుగ్గంటలన్నారు కదా?"

"ఇరవై నాలుగ్గంటలే సార్. తొమ్మిదినుంచి తొమ్మిది."

ఆ లెక్క అర్థమవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, రోజూ డబ్బు లెక్కపెట్టేవాణ్ణే. రాత్రి పదింపావుకి దిగినా తొమ్మిదికి ఒక రోజు అయిపోయినట్టే. శనివారం రెండో రోజు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటే మూడో రోజు. ముప్పై ఎనిమిది గంటలకి 3,900 అన్నమాట. బావ గొడవకి దిగబోయాడు. నేనే ఆపి, "ఆదివారం తొమ్మిదిలోపు ఖాళీ చేసేద్దాం బావా, బ్యాగులు హాల్లో పెట్టుకుందాం" అన్నాను. నాకు తట్టిన ఈ తెలివే తర్వాత కొంప ముంచింది.

లాడ్జివాడి తొమ్మిది అంటే తొమ్మిదే. హాల్లో తొమ్మిది సంగతి వేరు. ఎనిమిదికల్లా వెళ్లి సంతకాలు పెట్టి కూర్చున్నాం. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. దీపం, దండలు, ఉపన్యాసాలు, ఒక శాలువా తక్కువైతే దానికోసం స్కూటర్ మీద మనిషిని పంపడం. మొదటి షటిల్ గాల్లోకి లేచేసరికి 12.40. బావకి ఆకలేస్తే మాట్లాడడు. పదకొండు నుంచి మాట్లాడలేదు.

పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ మేష్టారు. డ్రా కాగితం చూపించి, "నిర్వాహకుల జంటకి బై వచ్చింది చూశారా" అని నవ్వారు. బై అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకి వెళ్లిపోవడం. "ఇది విజ్జీ ఊరు కదండీ మరి." విజ్జీ అంటే ఇక్కడి రాజకుటుంబం మనిషి, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి, ఆటకన్నా పలుకుబడితోనే, కెప్టెన్ అయ్యారంటారు. మూడు టెస్టుల్లో కలిపి కొట్టింది 33 పరుగులు. ఆ పర్యటన మధ్యలోనే జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపేశారు, సిరీస్ 2-0తో పోయింది. ఊళ్లో ఆయన పేరు మీద స్టేడియం కూడా ఉంది. మేష్టారు ఈ కథంతా చెప్పేసరికి అరగంట గడిచింది, ఆయనకి రుణపడి ఉంటాను.

ఫెదర్ అని రాసినా మొదటి రౌండ్లన్నీ నైలాన్‌తోనే ఆడించారు. ఈకలు ఫైనల్‌కి దాచారట. ఈకల షటిల్ ధర మండిపోతున్న మాట నిజమే, కానీ ఆ ముక్క కరపత్రంలో వెయ్యొచ్చు కదా. షటిల్ గాలికి పక్కకి పోతుందని ఫ్యాన్లు ఆపేశారు, కిటికీలు మూసేశారు. సమయం మించిపోయిందని మూడు గేములు తీసేసి ముప్పై పాయింట్ల ఒక్క గేమ్ చేశారు. రెండు మ్యాచ్‌లు గెలిచాం. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

తిండి గురించి మాత్రం చెప్పాలి. వాళ్లు పెట్టిన పులిహోర ప్యాకెట్ వదిలేయండి. సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకుని, లోపలి వీధిలో ఒక మెస్‌లోకి వెళ్లాం. నాలుగు బల్లలు, బోర్డు లేదు. భోజనం 110. పప్పు, వంకాయ ఆవపెట్టిన కూర, వాటి వెనకాల ఒక గిన్నెలో బెండకాయ బెల్లం పులుసు. బెల్లం ఊరివాళ్లం, మాకు బెల్లం పులుసు పెట్టడమంటే ధైర్యం ఉండాలి. ఆవిడకి ఉంది. చింతపండు ముందు నాలిక్కి తగిలి, ఆ తర్వాత నెమ్మదిగా తీపి వచ్చేట్టు కాచింది. బియ్యప్పిండి ఎంత వేయాలో అంతే, పులుసు గరిటెకి పట్టీ పట్టనట్టు జారుతోంది. పొద్దుట్నుంచి నోరు విప్పని బావ మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, "అమ్మా, ఇందులో ఇంగువ వేశారా?" అని అడిగాడు. "మెంతులేశాను బాబూ, ఇంగువేటి!" అందావిడ, కాస్త కోపంగానే.

ఆదివారం పొద్దున్నే ఒక బండి దగ్గర చోడి (రాగి) అంబలి, గ్లాసు 20. ఉల్లిపాయ, ఊరమిరపకాయ పక్కన. ఆడబోయే ముందు కడుపుకి ఇంతకన్నా మంచిది లేదు. ఇడ్లీ తిని కోర్టులోకి దిగేవాళ్లకి ఇదే నా సలహా.

ఎనిమిదీ నలభైకి గది ఖాళీ చేశాం. 2,600 కట్టాం, రిమోట్ ఇచ్చి రెండు వందలు వెనక్కి తీసుకున్నాం. హాల్లో సెమీస్‌కి పిలిచేదాకా బావ బ్యాగు తెరవలేదు. తెరిచాక బట్టలన్నీ కిందపోశాడు. మోకాలికి వేసుకునే క్యాప్ లేదు. రాత్రి ఉతికి కిటికీ చువ్వకి ఆరేశాడు. తొమ్మిది కొడుతుందన్న కంగారులో ఇద్దరం మర్చిపోయాం.

అవతలి జంటలో ఒకడు వార్మప్‌లో గెంతుతుంటే బావ, "వాడికి నలభై అయితే నాకు నూట ఇరవై" అన్నాడు. మేష్టారు అగ్గికి ఆజ్యం పోశారు, "వాడు కోచండీ, పిల్లలకి నేర్పుతాడు" అని. ఉద్యోగుల పోటీలో కోచ్ ఏంటని టేబుల్ దగ్గరికి వెళ్లాం. అభ్యంతరం చెప్పాలంటే వెయ్యి కట్టాలి, తప్పని తేలితే తిరిగి రాదు. నేను వద్దంటున్నా బావ పర్సు తీశాడు. వాళ్లు ఆ కుర్రాణ్ణి పిలిచి కాగితాలు అడిగారు. ఆధార్ ప్రకారం నలభై నిండి రెండు నెలలు. ఐడీ కార్డులో ఒక అకాడమీ పేరు, కింద 'అడ్మిన్ మేనేజర్'. "ఉద్యోగే కదండీ" అన్నాడు టేబుల్ దగ్గరాయన. కోచ్‌లు ఆడకూడదని వాళ్ల రూల్స్‌లో ఎక్కడా లేదు. చదివాను, నిజంగానే లేదు. వెయ్యి పోయింది.

మా పాత మేనేజరు విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో గోల్ఫ్ ఆడేవారు. వాళ్లకి ఈ గొడవే ఉండదనేవారు. ప్రతి మనిషికీ హ్యాండీక్యాప్ అని ఒక లెక్క, చివరి ఇరవై ఆటల్లో మంచివి ఎనిమిది తీసి కడతారు. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకులు, అంటే బంతిని తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలుస్తాడు; ఈ లెక్క ప్రకారం బలహీనుడి స్కోరులోంచి కొన్ని స్ట్రోకులు తీసేస్తారు, గుమస్తా కూడా ఛాంపియన్‌తో సమంగా పోటీ పడొచ్చు. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి. అక్కడా కావాలని చెడ్డ స్కోర్లు రాయించుకుని ఆ రాయితీ కాజేసేవాళ్లుంటారట, 'శాండ్‌బ్యాగర్' అని పేరు కూడా పెట్టారు. అయినా సరే, ఆ కోచ్‌తో ఆడేటప్పుడు నాకు ఆరు పాయింట్లు ముందే ఇచ్చుంటే బాగుండుననిపించింది.

ఇవ్వకపోయినా 28-28 దాకా లాగాం. అతను స్మాష్‌కి లేచినట్టే లేచి, మెత్తగా నెట్ మీదనుంచి జార్చాడు. బావ కుడికాలు ముందుకేశాడు. రోజూ అందుకునే షటిలే. సగం వంగాక మోకాలు ఆగిపోయింది, రాకెట్ చివర నేలకి తగిలి టప్‌మంది. తర్వాతి పాయింటు సర్వీస్ రిటర్న్ నేనే నెట్‌కి కొట్టాను. 30-28. ఆ కుర్రాడు వచ్చి బావ మోకాలి మీద స్ప్రే కొట్టి, ఎలా మడవాలో చూపించాడు. మంచివాడే.

ఖర్చు లెక్క: ఎంట్రీ 1,200, అభ్యంతరం 1,000, గది 2,600, తిండి 940, బస్సులూ ఆటోలూ 620. మొత్తం 6,360. సెమీస్‌లో ఓడినవాళ్లకి వెయ్యి రూపాయలు, ఒక షీల్డు. షీల్డు మీద నా ఇంటిపేరు తప్పు.

తిరుగు బస్సులోంచి లాడ్జికి ఫోన్ చేశాను. క్యాప్ కిటికీ దగ్గరే ఉందట. కొరియర్ చేయమంటే 150 పంపమన్నాడు. కొత్తది 350. బావ కిటికీలోంచి తల తిప్పకుండానే, "ఎప్పటిలోగా పంపాలో అడుగు, తొమ్మిది దాటితే మూడొందలంటాడు" అన్నాడు.