గయాక్‌లో ప్రునెలార్ వైన్: రాత్రి ఉండి చూడాల్సిన రుచి

ఫ్రాన్స్‌లో, తూలూజ్‌లో పనిచేస్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు వాడు "బోర్డో వైన్ తోటలు తర్వాత చూద్దాంలే అక్కా, ముందు గయాక్ పోదాం" అన్నాడు. టార్న్ నది ఒడ్డున చిన్న ఊరు, తూలూజ్ నుంచి రైల్లో దాదాపు గంట. మేం వెళ్లింది ప్రునెలార్ కోసం. అర్జెంటీనా వల్ల అందరికీ తెలిసిన మాల్బెక్ అనే వైన్ ద్రాక్ష ఉంది కదా, దానికి తండ్రి ఈ పాత నల్లద్రాక్షేనని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు వేర్లకు పట్టి ఫ్రాన్స్ ద్రాక్షతోటలు చాలావరకు పోయాక రైతులు వేరే రకాలు నాటుకున్నారు, ఇది దాదాపు కనుమరుగైంది. మళ్లీ బతికించినవాళ్లలో ఇక్కడి వైన్ రైతు రోబేర్ ప్లాజోల్ పేరు ముందు చెప్పుకోవాలి.

కొత్తవాళ్లు నది పక్కనున్న సెయింట్ మిషెల్ మఠంలోని వైన్ హౌస్‌తో మొదలుపెడితే మంచిది, చాలామంది రైతుల సీసాలు ఒకేచోట దొరుకుతాయి. కానీ నాకు నచ్చింది ఊరి బయట ఒక చిన్న రైతు దగ్గర. ఆయన ఇక్కడి నల్లద్రాక్ష రకాలైన బ్రౌకోల్, దురాస్, ప్రునెలార్ వైన్లు మూడూ వరసగా పోశాడు. బ్రౌకోల్‌లో క్యాప్సికమ్ లాంటి పచ్చివాసన, దురాస్‌లో మిరియాల ఘాటు. ప్రునెలార్ మాత్రం నేరేడుపండు రంగులో చిక్కగా ఉండి, ఆలుబుఖారా వాసన కొట్టి, మింగాక నాలుక మీద గట్టి వగరు వదిలింది. వగరంటే ఇష్టంలేని తమ్ముడు మొహం ముడిచాడు, నేను రెండోసారి పోయించుకున్నాను. ఫోన్ చేయకుండా మాత్రం వెళ్లకండి, అంతకుముందు ఇంకో తోటకి అలాగే వెళ్తే గేటుకి తాళం, రెండు కిలోమీటర్లు ఎండలో వెనక్కి నడిచాం.

బస దగ్గర మేం పొరపాటు చేశాం. గయాక్‌లో తీసుకున్న గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్ట్ లేదు, ఇరుకు మెట్లమీద సూట్‌కేసులు మోయాల్సి వచ్చింది, ఎనిమిది దాటితే తాళంచెవి ఇచ్చేవాళ్లుండరని ముందు చెప్పలేదు, ఆ టెన్షన్‌లో భోజనం కూడా సరిగ్గా చేయలేదు. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు ఆల్బిలో ఉండండి, అదీ రైలు దారిలోనే. అక్కడి ఎర్రటి ఇటుకల సెయింట్ సెసీల్ చర్చి సాయంత్రపు ఎండలో చూసి తీరాలి. శాకాహారులైతే హోటల్‌కి ముందే చెప్పండి, ఈ వైపు మెనూల్లో ఎక్కువగా బాతు మాంసమే.

రైతు దగ్గర కొన్న సీసా ఆ రాత్రి గదిలో తెరిచి, సగం తాగి, బిరడా పెట్టేశాం. మర్నాడు సాయంత్రం మిగతాది పోసుకుంటే వగరు బాగా తగ్గి పండు రుచి పైకొచ్చింది. ఈసారి తమ్ముడే గ్లాసు ముందుకు జరిపాడు.