ఆక్సిస్టెరాల్స్‌లో 24, 27: పేర్లు ఒకేలా, పనులు వేరు

కొలెస్ట్రాల్ ఆక్సిడైజ్ అయ్యిందంటే మనకి గుండెపోటే గుర్తొస్తుంది, కానీ ఒంట్లో ఎంజైములు కొలెస్ట్రాల్‌కి ఆక్సిజన్ తగిలించి కావాలనే తయారుచేసుకునే ఆక్సిస్టెరాల్స్ కూడా ఉన్నాయి. పేర్లలోని 24, 27 అంకెలు ఆ ఆక్సిజన్ తగిలిన కార్బన్ నంబర్లు.

24ఎస్-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ దాదాపుగా మెదడు సరుకే. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే గానీ కొలెస్ట్రాల్ పాతిక శాతం దాకా అక్కడే ఉంటుంది, అది నేరుగా రక్తంలోకి దాటలేదు, అందుకని న్యూరాన్లలో సిప్46ఏ1 అనే ఎంజైమ్ దానికి ఒక ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) తగిలిస్తే అప్పుడు మెదడుకీ రక్తానికీ మధ్య ఉన్న గోడ దాటి లివర్‌కి పోతుంది, రోజుకి 6-7 మిల్లీగ్రాములు. గేట్ పాస్ అన్నమాట!

27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్‌ది రివర్స్, రక్తంలోంచి మెదడులోకి వెళ్తుంది. చాలా కణాల్లో మైటోకాండ్రియాలోని సిప్27ఏ1 దీన్ని చేస్తుంది, లివర్‌లో కొవ్వు అరగడానికి పనికొచ్చే బైల్ యాసిడ్స్‌గా మారుతుంది, అంతవరకు బానే ఉంది, కానీ ఈస్ట్రోజెన్ హార్మోన్ అతుక్కునే రిసెప్టర్‌ని కూడా కెలుకుతుంది, ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ గడ్డల్ని పెంచుతుందని 2013లో తేలింది. అలాగని విలన్ అనలేం, పుట్టుకతోనే ఆ ఎంజైమ్ పనిచేయకపోతే సీటీఎక్స్ అనే అరుదైన జబ్బొస్తుంది, చిన్న వయసులోనే కంటిశుక్లాలు, తర్వాత మడమ వెనక తాడులాంటి టెండన్ దగ్గర గడ్డలు, నడకలో తడబాటు.

కణంలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే ఎల్ఎక్స్ఆర్ అనే కణంలోని స్విచ్‌లాంటి ప్రోటీన్‌ని ఆన్ చేసి బయటికి పంపించమని చెప్పడంలో మాత్రం రెండూ ఒకటే. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇవేవీ కనపడవు లెండి.