పాతికేళ్ల పెళ్లిరోజుకి అండమానా, మాల్దీవులా?

నాలుగు చోట్లు తిరగాలి, ఖర్చు అదుపులో ఉండాలి అనుకుంటే అండమాన్. ఒకేచోట హాయిగా కూర్చోవాలనుకుంటే మాల్దీవులు. రెండింటికీ జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచి కాలం.

అండమాన్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఆధార్ చాలు. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) దిగి, ఫెర్రీలో సుమారు రెండు గంటలు వెళ్తే హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్). చాలామంది పొరబడేది పొద్దు విషయంలో. డిసెంబరు, జనవరుల్లో అక్కడ ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. భోంచేసి, కునుకు తీసి అప్పుడు రాధానగర్ బీచ్‌కి బయల్దేరితే మిగిలేది చీకటే! మూడున్నరకల్లా ఇసుక మీద ఉండండి. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి చివరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే గడపాలి. స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రంలో డైవింగ్) చేస్తే విమానానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి.

మాల్దీవులకి పాస్‌పోర్ట్ కావాలి, వీసా అక్కడే ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్ డిక్లరేషన్ నింపాలి. గది అద్దె చూసి మురిసిపోకండి: రిసార్ట్‌కి చేర్చే సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) ఛార్జీ, పన్నులు, సర్వీస్ ఛార్జీ తరచూ విడిగా పడతాయి. పైగా సీప్లేన్ పగలే ఎగురుతుంది. సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే బస, రిసార్ట్‌లో ఒక రోజు పోయినట్టే. రిసార్ట్ దీవిలో బయట హోటళ్లుండవు, మూడు పూటల భోజనంతో కలిపే బుక్ చేయండి. పెళ్లిరోజుకని మద్యం సీసా పెట్టుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసుకుంటారు.

మొదటి దీవి ప్రయాణమైతే మా ఓటు అండమాన్‌కే, ఐదు రాత్రులు.