ఏటిగట్టు పార్కుకి కొబ్బరి పీచు వల: ఎక్కడ నిలిచింది, ఎక్కడ నిలవలేదు

ముందే చెప్పేస్తాను. కొబ్బరి పీచు వల మంచి సరుకే, మళ్ళీ కొనమన్నా కొంటాను. కానీ గట్టు పాదంలో రాయి వేయకుండా పైన ఎంత మంచి వల పరిచినా ఆ డబ్బు ఏట్లో పోసినట్టే. మా పార్కులో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది తగరపువలస వైపు, గోస్తనీ ఒడ్డు. కాలనీవాళ్ళం కలిసి చూసుకునే చిన్న పార్కు ఉంది. ఒక నడక దారి, కొన్ని బెంచీలు, పిల్లల ఉయ్యాలలు, ఏటివైపు కానుగ చెట్ల వరస. అనంతగిరి కొండల్లో పుట్టి తాటిపూడి దాటి వచ్చే ఈ ఏరు ఎండాకాలంలో చూస్తే ఇదా గట్టు కోసేది అనిపిస్తుంది. తుపాను వాన పడినప్పుడు చూడాలి దాని అసలు రూపం. మా దగ్గర ఏరు వంపు తిరుగుతుంది, పార్కు ఆ వంపుకి బయటివైపున ఉంది. వంపు బయటివైపు ప్రవాహం జోరు ఎక్కువ, కోత అంతా అక్కడే, అవతలి వైపు ఇసుక మేట వేస్తుంది. అలా ఏటేటా గట్టు జరుగుతూ జరుగుతూ నడక దారి అంచు దాకా వచ్చేసింది, సాయంత్రం పిల్లల్ని అటు పంపాలంటే టెన్షన్‌గా ఉండేది. చందాలు వేసుకున్నాం, ఏటి గట్టు కాబట్టి అనుమతుల కోసం తిరిగాం, అవి వచ్చాక పని మొదలుపెట్టించాం.

ఇప్పుడు సరుకు సంగతి. షాపుల్లో కాయిర్ మ్యాట్ అనీ, కాయిర్ నెట్ అనీ, కాయిర్ భూవస్త్రం అనీ రకరకాలుగా అంటారు. కొబ్బరి పీచుని తాడుగా పేని వల అల్లి చుట్టలుగా అమ్ముతారు. చుట్ట మామూలుగా 50 మీటర్ల పొడవు ఉంటుంది. దీనికి ఐఎస్ 15869 అనే ప్రమాణం ఉంది, కొనేటప్పుడు ఆ నంబరు అడగండి, అడిగితే షాపువాడు మాట్లాడే తీరే మారుతుంది. చదరపు మీటరుకి సుమారు 400 గ్రాములు, 700 గ్రాములు, 900 గ్రాములు అని బరువుని బట్టి రకాలు. 400 రకంలో కన్నాలు పెద్దవి, గడ్డి తొందరగా పైకి వస్తుంది, కానీ పరుగెత్తే నీళ్ళని అంతగా ఆపదు. ఏటిగట్టుకి నా మటుకు 700కి తగ్గకూడదు, నీళ్ళు తగిలే చోట 900 వేయాలి. ఇదేదో కొత్త ప్రయోగం అనుకోకండి, గ్రామీణ రోడ్ల కింద వేయడానికి కూడా 2020లో కేంద్రం దీన్ని అనుమతించింది, అందులో మన రాష్ట్రానికి 164 కిలోమీటర్లు అన్నారు. రోడ్డు కింద దాని పని వేరు, గట్టు మీద దాని పని వేరు, కానీ సరుకు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మా దగ్గర జూట్ మిల్లులో పనిచేసిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, చిట్టివలస మిల్లు మూతపడినా గోనె మీద వాళ్ళ ప్రేమ పోలేదు. జనపనార వల వేయొచ్చు కదా బాబూ, చవక కదా అన్నారు. వాళ్ళ మాట తీసిపారేసేది కాదు, జనపనార నీళ్ళు బాగా పీలుస్తుంది, నేలకి బాగా అతుక్కుంటుంది. కానీ ఒకటి రెండేళ్ళలో కుళ్ళిపోతుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్, అంటే పీచుని గట్టిగా, త్వరగా కుళ్ళకుండా ఉంచే పదార్థం, చాలా ఎక్కువ, అందుకే తడిలో కూడా రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పట్టు వదలదు. గడ్డి వేళ్ళు లోతుకి దిగడానికి ఆ టైమే కావాలి. ప్లాస్టిక్ వల కూడా చూపించారు, అది అసలు వద్దు. ఎండకి ముక్కలై ఏట్లో కలుస్తుంది, అందులో పాములు, కప్పలు చిక్కుకుని చస్తాయి. గట్టు బాగుచేస్తూ ఏటిని పాడుచేసుకోవడం ఎందుకు?

సరుకు తెప్పించినప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. చుట్ట చివర సరిగ్గా మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్క కత్తిరించి, ఎండలో బాగా ఆరబెట్టి, తూకం వేయండి. ఆరబెట్టకపోతే పీచులో ఉన్న తడి కూడా బరువులో కలిసిపోతుంది. మేము పక్క సందులో కూరగాయల కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద వేశాం. బిల్లులో 700 అని ఉంది, కాటా మీద ఆరు వందలు కూడా రాలేదు. ముక్కని చేత్తో పట్టుకుని చూస్తే కూడా తెలుస్తుంది, మంచి వలలో తాడు గట్టిగా పురి తిరిగి ఉంటుంది, గోటితో గీరితే పీచు పైకి లేవదు. ఆ వచ్చిన చుట్టల్లో తాడు వదులుగా ఉంది, రెండు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు రాలింది. షాపు పేరు రాయను గానీ, ఫోటో పంపగానే ముందు వాదించి, తర్వాత మార్చి ఇచ్చారు. రవాణా ఖర్చు మాత్రం మా మీదే వేశారు, అది నాకు ఇప్పటికీ నచ్చలేదు. రాజమహేంద్రవరంలో కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది, పెద్ద పని అయితే మొదట అక్కడ అడిగి కొనడం మేలు.

పరిచే పని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ముందు గట్టుని వాలుగా కొట్టాలి, నిలువుగా ఉన్న గట్టు మీద వల కర్టెన్‌లా వేలాడుతుంది తప్ప మట్టిని పట్టుకోదు. ఒక మీటరు ఎత్తుకి కనీసం ఒకటిన్నర, వీలైతే రెండు మీటర్లు వెనక్కి వెళ్ళేలా వాలు ఉండాలి. పార్కు జాగా కొంత పోతుంది, దానికి మా కాలనీలో పెద్ద గొడవే జరిగింది, కానీ ఆ జాగా ఎలాగూ ఏరు తీసుకునేదే. రాళ్ళు, వేర్ల ముక్కలు ఏరేసి, చదును చేసి, గరిక విత్తనం, పశువుల ఎరువు చల్లి, అప్పుడు పైనుంచి కిందికి చుట్ట విప్పాలి. గట్టు పైన అడుగు లోతు కందకం తవ్వి వల అంచుని అందులో మడిచి మట్టితో పూడ్చి గట్టిగా కొట్టాలి. ఇది వదిలేస్తే వాన నీళ్ళు అంచు కిందికి దూరి వలని గాలికి లేపేస్తాయి. రెండు వలలు కలిసే చోట జానెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి, ఏరు ఎగువ నుంచి వచ్చే వైపు ముక్క పైన ఉండాలి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగ. తర్వాత ఇనప యూ పిన్నులు గానీ వెదురు మేకులు గానీ దగ్గర దగ్గరగా దిగ్గొట్టాలి. వల కింద ఎక్కడా చెయ్యి దూరకూడదు, నేలని అంటి ఉండాలి. మా కూలీలు పై వాలులో చక్కగా కొట్టారు, కింద బురద ఉన్న చోట మాత్రం పిన్నుల మధ్య దూరం పెంచుకుంటూ పోయారు, దగ్గర నిలబడి మళ్ళీ కొట్టించాల్సి వచ్చింది. పనివాళ్ళకి మార్కులు వేయమంటే ఐదుకి మూడు.

వల తాత్కాలికం, అసలు కాపలా కాసేది వేరు. మేము వట్టివేరు పెట్టాం. నర్సరీలో దుబ్బు విడదీసిన పిలకలు అమ్ముతారు. గట్టుకి అడ్డంగా, నీటి మట్టానికి సమాంతరంగా వరసలు వేసి, వరసలో మొక్కకీ మొక్కకీ జానెడు కూడా ఎడం లేకుండా నాటాలి. దాని వేళ్ళు పక్కలకి కాకుండా నిలువునా దిగుతాయి, మంచి నేలలో మూడు మీటర్లు దాటి కూడా పోతాయి. వేరు బలం సగటున మామూలు ఉక్కులో ఆరో వంతు ఉంటుందని లెక్క కట్టారు. మన దక్షిణాది రకం విత్తనంతో విచ్చలవిడిగా పాకదు కాబట్టి అవతలి పొలాల రైతులకి కూడా బెంగ లేదు. తొలకరి పడ్డాక నాటితే బాగా పట్టింది. ఒక్క చోట దెబ్బతింది, కానుగ చెట్ల నీడ పడే చోట. వట్టివేరుకి ఎండ కావాలి, నీడలో సన్నగా పీలగా మిగిలిపోయింది. అక్కడ ఇప్పుడు చెట్ల వేళ్ళే పట్టుకుని ఉన్నాయి. లేత పిలకల్ని మేకలు వదలవు, మొదటి వానాకాలం కంచె తప్పనిసరి, ముదిరాక వాటంతట అవే ముట్టుకోవు.

చెట్ల గురించి ఒక మాట. గట్టుకి చెట్లు నాటితే చాలు కదా అని చాలామంది అంటారు. మధ్యస్తంగా పెరిగే కానుగ, వెదురు, నీటి అంచున మొగలి, ఇవి మంచివే. గట్టు కొసన ఎత్తుగా పెరిగే బరువైన చెట్లు మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానులో విశాఖ ఎలా బోడిగా మారిందో మనందరికీ తెలుసు. గట్టు అంచున అంత చెట్టు కూలితే వేళ్ళతో పాటు ఒక గది అంత మట్టిని పెకలించుకుపోతుంది, ఆ గుంటలోంచి ఏరు లోపలికి దారి చేసుకుంటుంది.

ఇక పాదం సంగతి, నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. గట్టు పైనుంచి కరుగుతుందని మనం అనుకుంటాం, కంటికి కనిపించేది అదే కాబట్టి. నిజానికి ఎక్కువసార్లు వరద అడుగున మట్టిని తవ్వుకుపోతుంది, పైభాగం ఆధారం లేక పెళ్ళలుగా విరిగి పడుతుంది. ఇంకొకటి, వరద తీసేటప్పుడు ఏట్లో నీళ్ళు గబగబా దిగిపోతాయి, గట్టులో ఇంకిన నీళ్ళు అంత త్వరగా దిగవు. నాని బరువెక్కిన మట్టికి ఎదురుగా నిలబెట్టే నీళ్ళు లేక మర్నాడు జారిపోతుంది. వాన వెలిశాక, ఎండ కాస్తుండగా గట్టు ఎందుకు పడిందో అర్థం కానివాళ్ళకి కారణం ఇదే. దగ్గరలో ఇసుక తవ్వితే ఏటి అడుగు ఇంకా లోతుకి పోతుంది, గట్టు ఇంకా నిలువవుతుంది. 2002 నుంచి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్లని కాపాడే చట్టం, ఉంది, ట్రాక్టరు దిగిన రోజే ఫిర్యాదు చేయడానికి భయపడకండి.

మా పార్కులో ఎగువ భాగంలో డబ్బు సరిపోయింది కాబట్టి పాదంలో గేబియన్ పెట్టెలు వేయించాం, అంటే ఇనప తీగ వల పెట్టెల్లో రాళ్ళు నింపి పేర్చడం. వాటి వెనక, కింద మట్టిని పట్టి నీళ్ళని వదిలే నాన్ వోవెన్ (నేయకుండా తయారుచేసిన) ఫిల్టర్ గుడ్డ వేశారు, ఆ గుడ్డ లేకపోతే రాళ్ళ సందుల్లోంచి మట్టి కారిపోయి వెనక డొల్ల అవుతుంది. ఇక్కడ కొబ్బరి పీచు వాడకూడదు, కుళ్ళే సరుకు రాళ్ళ కింద పనికిరాదు. గేబియన్‌కి ఐఎస్ 16014 ప్రమాణం ఉంది. భీమిలి దగ్గర సముద్రపు పోటు తగిలే చోట అయితే గాల్వనైజ్ చేసిన తీగ చాలదు, దాని మీద పీవీసీ పూత కూడా ఉండాలి, ఉప్పు తినేస్తుంది. దిగువ భాగంలో నిధులు అయిపోయాయి, వల, వట్టివేరు మాత్రమే వేసి పాదంలో ఇసుక బస్తాలు పేర్చారు.

మొదటి గట్టి వరద వచ్చాక తేడా తెలిసింది. ఎగువ భాగంలో వల మీద బురద మేట వేసి, ఆ బురదలోంచే గరిక లేచింది, వట్టివేరు ఆకులు ఏటి వాటానికి పడుకుని, వరద తీశాక మళ్ళీ లేచాయి. దిగువ భాగంలో వల చిరగలేదు, పిన్నులు ఊడలేదు, కానీ బస్తాలు కొట్టుకుపోయి కింద మట్టి ఖాళీ అయింది, చెక్కుచెదరని వల గాల్లో వేలాడుతోంది. సరుకు తప్పు అందులో ఏమీ లేదు.

కాంక్రీటు గోడ కట్టేస్తే పోలేదా అని అడిగేవాళ్ళకి: మాకు వచ్చిన కొటేషన్ చూస్తే ఈ మొత్తం పనికి అయిన ఖర్చు దానిలో చిన్న భాగం. పైగా గోడ నీటి జోరుని మింగదు, తోసేస్తుంది, అది గోడ పాదాన్నో అవతలి రైతు గట్టునో తవ్వుతుంది. ఇంటి పునాది, వంతెన దగ్గర ఉంటే గోడ తప్పదు, పార్కుకి అవసరం లేదు.

కొనేముందు మీ పార్కులో వాన నీళ్ళు ఎటు పోతున్నాయో ఒకసారి గొడుగేసుకుని చూడండి. మా నడక దారి ఏటివైపుకి వాలి ఉండేది, కురిసిన వానంతా గట్టు మీంచే దూకేది. మన ఎర్ర మట్టిని వాన నీళ్ళు ఎలా చీలుస్తాయో భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దారిని లోపలికి వాల్చి, ఒక పక్క రాతి కాలవ పెట్టి నీళ్ళు దించాం. ఖర్చు తక్కువ, ఫలితం మొదటి వానకే కనపడింది.

వలకి ఐదుకి నాలుగు, వట్టివేరుకి నాలుగున్నర, మాకు అమ్మిన షాపుకి రెండున్నర. మీది చెరువు గట్టో, నిదానంగా పారే గెడ్డో అయితే వల, గడ్డి చాలు, నిశ్చింతగా కొనండి. పారే ఏటి వంపులో బయటివైపు అయితే మొదట రాయికి డబ్బు పోగుచేయండి, చాలకపోతే తక్కువ పొడవైనా పాదంతో సహా పూర్తిచేసి, మిగిలింది వచ్చే వేసవికి ఉంచండి. మేము దిగువ భాగానికి చందాలు మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి 900 గ్రాముల రకం, గేబియన్ పనితో కలిపే. విశాఖ చుట్టుపక్కల గేబియన్ పెట్టెలు శ్రద్ధగా పేర్చే పనివాళ్ళు ఎవరైనా తెలిస్తే కింద రాయండి.