ఇంట్లో బీపీ, ప్రొస్టేట్ ఉన్న పెద్దవాళ్ళుంటే మెడికల్ షాపులో జలుబు ‘సెట్టు’ కొనకండి

పోయిన నెల మా నాన్నకి జలుబు చేసింది. వరి నూర్పిళ్ళ దుమ్ములో రెండు రోజులు తిరిగారు, ఒకటే తుమ్ములు, ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి రాత్రి నిద్ర లేదు. ఆయనకి 66 ఏళ్ళు, బీపీకి రోజూ టాబ్లెట్ వేసుకుంటారు. నేనే షాపుకెళ్ళి, జలుబు, ముక్కు దిబ్బడ, ఒళ్ళు నొప్పులు అని చెప్పాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి వయసెంత, బీపీ షుగర్ ఉన్నాయా, వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఒక్క మాట అడగలేదు, నాకూ చెప్పాలని తట్టలేదు. పూటకి మూడు టాబ్లెట్ల చొప్పున షీట్ల నుంచి కత్తిరించి కాగితం కవర్లో వేసి ఇచ్చాడు, దీన్నే ‘సెట్టు’ అంటారు, బిల్లు లేదు, మూడు పూటలా వెయ్యమన్నాడు.

రెండో రోజు రాత్రి పదింటికి నాన్న బాత్రూంకి వెళ్ళి యూరిన్ రావట్లేదన్నారు. వేడి చేసిందేమో అని అమ్మ బార్లీ నీళ్ళు కాచి ఇచ్చింది, తర్వాత సబ్జా నీళ్ళు, మజ్జిగ. ఇక్కడే పెద్ద పొరపాటు చేశాం. దారి మూసుకుపోయినప్పుడు లోపలికి నీళ్ళు పోసేకొద్దీ మూత్రాశయం ఉబ్బిపోతుంది తప్ప బయటికి రాదు. తెల్లవారుజామున మూడింటికి పొత్తికడుపు రాయిలా అయిపోయి, ఆయన మెలికలు తిరిగిపోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ చెయ్యి పెట్టి చూసి అడిగిన మొదటి ప్రశ్న, జలుబు మందులేమైనా వాడారా అని. పైపు వేస్తే దాదాపు లీటరు వచ్చింది. బీపీ 190/110 ఉంది.

డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. నాన్నకి వయసుతో పాటు ప్రొస్టేట్ గ్రంథి (మగవాళ్ళకి మూత్రాశయం కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ ఉండేది) కొంత పెరిగి ఉంది, రాత్రి మూడు నాలుగు సార్లు లేచేది అందుకేనట, మేము వయసు మీద పడిందిలే అనుకున్నాం. జలుబు టాబ్లెట్లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ముల్ని, ముక్కు కారడాన్ని తగ్గిస్తుంది, కానీ మూత్రాశయం గట్టిగా పిండుకోవడానికి కావాల్సిన బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఫినైలెఫ్రిన్ లాంటి ముక్కు దిబ్బడ మందులు రక్తనాళాల్ని బిగిస్తాయి, అందుకే బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి, పైగా అవి మూత్రాశయం కింది భాగాన్నీ బిగించగలవు. అంటే నెట్టే బలం తగ్గింది, దారి ఇంకా ఇరుకైంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది తర్వాత తెలిసిన విషయం. కవర్లో మిగిలిన ముక్కల మీద పేరు సగమే ఉంది, ఏ మందు ఎంత ఉందో రాసే భాగం కత్తెరలో పోయింది. మళ్ళీ షాపుకెళ్ళి పూర్తి షీట్లు చూపించమన్నాను. ఒకదాంట్లో పారాసిటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా. రెండోది ఉత్త పారాసిటమాల్ 650. మూడోది సెట్రిజిన్ 10, అది కూడా క్లోర్‌ఫెనిరమిన్ లాంటి అలర్జీ మందే, పెద్దవాళ్ళకి రోజుకి ఒక్కటి చాలు, మాకు మూడు పూటలా వెయ్యమన్నాడు. పారాసిటమాల్ లెక్క చూడండి: పూటకి 1150, మూడు పూటలకి 3450. మధ్యలో నడుం నొప్పికని నాన్న ఇంట్లో ఉన్న 650 ఇంకోటి వేసుకున్నారు, 4100 అయింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే 24 గంటల్లో 4000 దాటకూడదు, తాగుడు అలవాటు, లివర్ సమస్య ఉంటే ఇంకా తక్కువ. షాపతన్ని అడిగితే "అందరికీ ఇదే ఇస్తాం అన్నా, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. ఆ షాపు పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు పద్ధతి కాదు.

ఇంకో సంగతి. నోటితో వేసుకునే ఫినైలెఫ్రిన్, షాపుల్లో దొరికే మోతాదులో ముక్కు దిబ్బడకి అసలు పనిచేయదని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది, 2024 నవంబరులో ఆ ఉపయోగానికి దాన్ని తొలగించాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మన దగ్గర 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. చంటిపిల్లలకి జలుబు సిరప్ తెచ్చేవాళ్ళు దయచేసి ఆ అక్షరాలు వెతకండి.

ముక్కులో వేసే చుక్కల మందు మంచిదే కదా అని కొందరు అంటారు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, నిజమే, కానీ మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుసుకుంటుంది, మళ్ళీ చుక్క వెయ్యాల్సి వస్తుంది. మా బాబాయి ఇలా మూడు నెలలు దిండు కింద సీసా పెట్టుకునే పడుకున్నాడు, చివరికి ఈఎన్‌టీ డాక్టర్ మాన్పించాల్సి వచ్చింది. ఉత్త ఉప్పునీటి చుక్కలకి ఈ బాధ లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు కూడా చూసుకోవాలి. అక్కడ పుప్పొడి సీజన్లో పిల్లలు తెచ్చిచ్చే అలర్జీ టాబ్లెట్ పేరు చివర ‘డి’ అని ఉంటే అందులో ముక్కు దిబ్బడ మందు, సాధారణంగా సూడోఎఫెడ్రిన్, కలిసి ఉన్నట్టు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అది వేసుకోవద్దు.

షాపులో అడగకపోయినా మీరే చెప్పండి: వయసు, బీపీ, ప్రొస్టేట్, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), రోజూ వాడే మందులు. ముక్కలు కాకుండా పూర్తి షీటు, బిల్లు అడగండి. ఇస్తే గొడవ లేదు, ఇవ్వకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి. క్లోర్‌ఫెనిరమిన్ వేసుకున్నాక బండి నడపొద్దు, మత్తు బాగా ఉంటుంది. ఆ మందులు వేసుకున్నాక యూరిన్ ఆగిపోతే మాలాగా తెల్లారేదాకా ఆగకండి, నీళ్ళు తాగించకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నాన్నకి ఐదో రోజు పైపు తీశారు, ప్రొస్టేట్‌కి టాబ్లెట్ మొదలుపెట్టారు, ఇప్పుడు బాగున్నారు. "బీపీ, ప్రొస్టేట్ ఉన్నాయి, జలుబు సెట్టు ఇవ్వొద్దు" అని రాసిన చీటీ ఆయన ఫోన్ కవర్లో పెట్టాను.