టెలీమెట్రమ్, టెలీబీటీ: ఎన్నో సీజన్లు వాడాక చెబుతున్న మాట

మనం సరదాకి ఎగరేసే రాకెట్ కనుచూపు దాటి వెళ్లి మళ్లీ చేతికి రావాలంటే, ఆల్టస్ మెట్రమ్ వాళ్ల టెలీమెట్రమ్ బోర్డు కొనుక్కోమని ధైర్యంగా చెబుతాను. పారాచూట్లు తెరిచి, రాకెట్ ఎక్కడుందో రేడియోలో చెప్పే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఇది. ఎన్నో సీజన్లుగా నేను వాడుతున్నది అదే. అయితే బోర్డు కొని రాకెట్‌లో బిగించగానే పని అయిపోదు. కింద మన చేతిలో ఉండే రిసీవర్, యాంటెన్నా, ఫోన్ సిద్ధం చేసుకోవడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. రాకెట్ దొరుకుతుందా లేదా అన్నది తేలేది అక్కడే.

బోర్డు అంగుళం వెడల్పు, రెండు ముప్పావు అంగుళాల పొడవు ఉంటుంది. 38 మిల్లీమీటర్ల ట్యూబులో పట్టేస్తుంది. బారోమీటర్, యాక్సెలరోమీటర్, జీపీఎస్, రేడియో అన్నీ అందులోనే ఉన్నాయి. రాకెట్ శిఖరానికి చేరగానే డ్రోగ్ (ముందుగా తెరుచుకునే చిన్న పారాచూట్) కోసం ఒక చానెల్, కిందికి వచ్చాక పెద్ద పారాచూట్ కోసం ఇంకో చానెల్. పెద్దది తెరుచుకునే ఎత్తు 250 మీటర్లని పెట్టి ఇస్తారు, కావాలంటే మార్చుకోవచ్చు. పైకి వెళ్లేటప్పుడు సెకనుకి 100 సార్లు, దిగేటప్పుడు 10 సార్లు రీడింగులు తన మెమరీలో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో సిగ్నల్ తెగినా డేటా ఎక్కడికీ పోదు. నాకు అన్నిటికన్నా నచ్చింది, దీన్ని తయారుచేసిన బ్డేల్ గార్బీ, కీత్ ప్యాకర్డ్ డిజైనునీ, సోర్స్ కోడ్‌నీ అందరికీ తెరిచి పెట్టడం. పారాచూట్‌ని బయటికి నెట్టే మందు, అంటే ఛార్జ్‌ని ఎప్పుడు పేల్చాలో నిర్ణయించే కోడ్ అది. దాన్ని చదివి చూసుకునే వీలుండటం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

ఇది 70 సెంటీమీటర్ల అమెచ్యూర్ బ్యాండ్‌లో పనిచేస్తుంది. అంటే హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు కావాలి. మొదట ఉండే ఎన్‌0కాల్ అన్న పేరు తీసేసి మీ సొంత కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) పెట్టుకోవాలి. ఫ్రీక్వెన్సీ బోర్డులోనూ, రిసీవర్‌లోనూ ఒకటే ఉండాలి. ఒకే మైదానంలో ఇద్దరు ముగ్గురు ఎగరేస్తుంటే ఎవరు ఏ ఫ్రీక్వెన్సీయో ముందే మాట్లాడుకోండి. లైసెన్సు పరీక్ష గురించి టెన్షన్ అక్కర్లేదు, దానికోసం చదివింది యాంటెన్నా పట్టుకున్నప్పుడు పనికొస్తుంది.

ఆన్ చేసే పద్ధతికి అలవాటు పడాలి. బోర్డు పడుకుని ఉన్నప్పుడు స్విచ్ వేస్తే ఐడిల్ మోడ్‌లోకి (సెట్టింగులు, పరీక్షల కోసం), నిలువుగా ఉన్నప్పుడు వేస్తే ప్యాడ్ మోడ్‌లోకి (ఎగరడానికి సిద్ధం) వెళ్తుంది. కాబట్టి లాంచ్ రైల్ లేపి నిలబెట్టాకే స్విచ్. తర్వాత గాలి రంధ్రం దగ్గర చెవి పెట్టి వినాలి. ముందు బ్యాటరీ వోల్టేజీ అంకెల్ని బీప్‌లుగా చెబుతుంది. తర్వాత ఒక పొట్టి, రెండు పొడుగు, ఒక పొట్టి: మోర్స్‌లో పీ అక్షరం, అంటే ప్యాడ్ మోడ్. ఆ తర్వాత ఆగి ఆగి వచ్చే బీప్‌లే అసలైనవి. ఒకటే వస్తే డ్రోగ్ వైపు ఈ-మ్యాచ్‌కి (కరెంటుతో ఛార్జ్‌ని వెలిగించే పుల్ల) మాత్రమే కనెక్షన్ ఉంది, రెండు వస్తే పెద్ద పారాచూట్ వైపు మాత్రమే, మూడు వస్తే రెండూ బాగున్నాయి. ఆ మూడూ వినకుండా నేను ప్యాడ్ దగ్గర్నుంచి కదలను. గాలి గట్టిగా వీస్తున్నప్పుడు ఇవి సరిగ్గా వినపడవు. అప్పుడు ఫోన్‌లో ఆల్టోస్‌డ్రాయిడ్ యాప్‌లో ప్యాడ్ పేజీ తెరిస్తే బ్యాటరీ, రెండు ఈ-మ్యాచ్‌లు, జీపీఎస్ వరసగా కనిపిస్తాయి. జీపీఎస్ లాక్ అయిందని చూడగానే తొందరపడకండి. లాక్ పోకుండా వరసగా పది సార్లు పొజిషన్ వచ్చాకే జీపీఎస్ రెడీ అని చూపిస్తుంది. అంతవరకూ ఆగాలి.

ఇక గ్రౌండ్ స్టేషన్. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ రిసీవర్ టెలీడాంగిల్ సరిపోతుంది గానీ రాకెట్ వెతుక్కుంటూ పొలాల్లో నడవాలంటే బ్లూటూత్ ఉన్న టెలీబీటీ రిసీవరే హాయి. అది జేబులో, ఫోన్ ఒక చేతిలో, ఒక దిక్కుకి గురిపెట్టే యాగీ యాంటెన్నా ఇంకో చేతిలో. ఫోన్‌లో ఆల్టోస్‌డ్రాయిడ్ ఎత్తు, వేగం పైకే చదివి వినిపిస్తుంది కాబట్టి కళ్లు ఆకాశం మీదే ఉంచొచ్చు. మైదానంలో నెట్ రాకపోవచ్చు, మ్యాప్‌లు ముందే దించుకుని పెట్టుకోండి.

బోర్డు యాంటెన్నా దాదాపు 17 సెంటీమీటర్ల తీగ. అలాంటి తీగ పక్కలకి బాగా ప్రసారం చేస్తుంది, కొసల వైపు సిగ్నల్ దాదాపు ఉండదు. అందుకే రాకెట్ సరిగ్గా నెత్తిమీద ఉంటే అంకెలు ఆగిపోతుంటాయి. ప్యాడ్‌కి కాస్త దూరంగా, పక్కగా నిలబడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. రాకెట్ పైకి వెళ్తున్నంతసేపూ యాగీ పుల్లలు నిలువుగా పట్టుకోండి. డ్రోగ్ తెరుచుకున్నాక రాకెట్ ఊగుతూ దిగుతుంది, అప్పుడు మణికట్టు తిప్పుతూ సిగ్నల్ ఎటు బలంగా ఉందో చూసుకోవాలి.

నేలకి దిగాక సిగ్నల్ ఒక్కసారిగా పడిపోతుంది. తీగ గడ్డిలో ఉంటుంది, మధ్యలో చెట్లు అడ్డం. కంగారు పడొద్దు. ఆఖరి ప్యాకెట్‌లో (రాకెట్ ఒక్కోసారి పంపే డేటా ముక్క) వచ్చిన పొజిషన్ సాధారణంగా రాకెట్ పడిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది, అటు నడుస్తుంటే సిగ్నల్ మళ్లీ అందుతుంది. తెర మీద ఏజ్ అని ఒక అంకె ఉంటుంది, ఆఖరి ప్యాకెట్ వచ్చి ఎంతసేపైందో అది చెబుతుంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచండి. అది పెరుగుతూ పోతోందంటే మీరు చూస్తున్న దూరం, దిక్కు పాతవి.

ఈ సెట్టులో నేను వదులుకోలేని సదుపాయం ఇంకొకటి ఉంది. ఐడిల్ మోడ్‌లో రేడియో మీదుగా దూరం నుంచే ఛార్జ్‌ని పేల్చి చూడొచ్చు. బ్లాక్ పౌడర్ ఎంత వేయాలన్నది లెక్కతో మొదలవుతుంది గానీ సరిపోతుందని తేలేది నేలమీద పరీక్షలోనే. రాకెట్‌ని ఎగరేసేటప్పుడు ఎలా సర్దుతామో అలాగే సర్ది, వైర్లు బయటికి లాగకుండా, దూరంగా నిలబడి బటన్ నొక్కడమే. ముక్కు ఊడి పారాచూట్ పూర్తిగా బయటికి వస్తే ఆ మోతాదు ఖాయం చేసుకోవచ్చు. రాకెట్ ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి.

బిగింపులో కొన్ని జాగ్రత్తలు. కార్బన్ ఫైబర్ ట్యూబులో ఈ రేడియో పెట్టకండి, సిగ్నల్ బయటికి రాదు. ఫైబర్‌గ్లాస్, అట్ట ట్యూబులతో ఏ సమస్యా లేదు. యాంటెన్నా పక్కనే ఇనుప రాడ్ వెళ్లకుండా చూడండి, తీగని మడిచి కుక్కొద్దు. గాలి రంధ్రాలు చుట్టూ సమానదూరంలో మూడో నాలుగో ఉండాలి, ఒకటే ఉంటే గాలి వాటాన్ని బట్టి పీడనం తప్పు చూపిస్తుంది. బారోమీటర్ మీద నేరుగా ఎండ పడినా రీడింగ్ చెదురుతుంది. ఛార్జ్ పొగ బోర్డు ఉన్న అరలోకి రాకుండా వైర్ల రంధ్రాలు మూసేయండి. ఆ పొగ రాగిని తినేస్తుంది, పీడనాన్నీ గందరగోళం చేస్తుంది.

బ్యాటరీ ఒకే సెల్ లైపో (లిథియం పాలిమర్). బయట దొరికే వాటిలో కనెక్టర్ అచ్చం అలాగే ఉండి ప్లస్, మైనస్ తారుమారుగా ఉన్నవీ ఉంటాయి. మల్టీమీటర్ పెట్టి చూడకుండా గుచ్చొద్దు. స్విచ్ విషయంలో స్క్రూ బిగించే రకమే నాకు నమ్మకం.

అందరికీ ఇంత అవసరమా అంటే, లేదు. రాకెట్ కళ్లెదుటే ఎగిరి కళ్లెదుటే దిగుతుంటే రేడియో లేని ఈజీమినీ లాంటి ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే బోర్డు) చాలు, రెండు పారాచూట్ల పని అదీ చక్కగా చేస్తుంది. ముందు దాంతో వైరింగు, ఛార్జ్‌లు, బీప్‌లు అలవాటు చేసుకోండి. మోటార్ పెద్దదై, రాకెట్ చుక్కలా మారి కనిపించకుండా పోతున్నప్పుడు టెలీమెట్రమ్, టెలీబీటీ, ఒక యాగీ కలిపి ఒకేసారి తీసుకోండి. బోర్డు ముందు, యాగీ తర్వాత చూద్దాం అనుకోవద్దు.